మంచి చెయ్యి

మా మనవరాలికి నాలుగో ఏడు. బొమ్మ చేతికిస్తే లోకం మర్చిపోయి ఆడుకోవాల్సిన వయసు. మా ఇంట్లో మాత్రం బొమ్మల బుట్ట తీస్తున్నారంటే నాకు గుండె దడ మొదలయ్యేది. చెక్క బ్లాకులు ఒకదాని మీద ఒకటి పేర్చి మేడ కట్టడమంటే దానికి ప్రాణం. రెండు నిలిచేవి. మూడోది పెట్టబోయేసరికి చెయ్యి తడబడేది, మేడ కూలేది. ఇక చూడండి, బ్లాకులు గోడకేసి కొట్టడం, నేల మీద పడి దొర్లడం, ఊపిరి బిగబట్టి ముఖం కందగడ్డలా చేసుకోవడం. కింద ఫ్లాటువాళ్ళు మొదట్లో "ఏమైందండీ పాపకి?" అని పైకి వచ్చి అడిగేవారు. తర్వాత అడగడం మానేశారు. అది ఇంకా కష్టంగా ఉండేది.

నా కూతురూ అల్లుడూ ఇద్దరూ బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసుల్లో పనిచేస్తారు. ప్లేస్కూల్లో మా పిల్ల విసిరిన బ్లాకు ఇంకో పిల్ల కనుబొమకు తగిలింది. "కొన్నాళ్ళు ఇంట్లోనే ఉంచుకోండి, కాస్త కుదుటపడ్డాక తీసుకురండి" అన్నారు టీచరు గారు, మర్యాదగానే. అలా పిల్ల పగలంతా మా ఇంట్లో, నా దగ్గర ఉండేలా కుదిరింది. వదిలిపెట్టిన రోజు నా కూతురు గుమ్మంలోనే కళ్ళు తుడుచుకుంది.

"ఎలాగైనా దీన్ని దారిలో పెట్టమ్మా. ఇలాగే ఉంటే ఏ స్కూల్లోనూ చేర్చుకోరు" అంది.

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. అయినా ఆ పిల్ల ముందు పళ్ళు బిగబట్టి ఓపిక తెచ్చుకున్నాను. ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశాను. చిన్న బ్లాకులు కుదరడం లేదేమోనని పెద్దవి కొనుక్కొచ్చాను. "మెల్లగా తల్లీ, రైలేమైనా వెళ్ళిపోతోందా" అని నవ్వించబోయాను. పక్కన కూర్చుని, దాని కుడిచెయ్యి నా చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటే పెట్టించాను. నా చెయ్యి ఉన్నంతసేపూ మేడ నిలిచేది. వదిలితే కూలేది. "నాకు రాదు. నాకేం రాదు" అని ఏడ్చేది. నాలుగేళ్ళు కూడా నిండని పిల్ల నోట ఆ మాట!

ఇంతా చేస్తూ, మేమంతా రోజూ అనే ఒక మాట మా చెవికే ఎక్కలేదు. పిల్ల ఎడమచెయ్యి చాపితే చాలు, ఇంట్లో ఎవరో ఒకరం "మంచి చెయ్యి, మంచి చెయ్యి" అనేవాళ్ళం. ఇది ఇప్పటిది కాదు. అన్నప్రాశన నాడు పళ్ళెంలో పుస్తకం, కలం, బంగారం పెట్టి పాకించాం. పిల్ల బిరబిరా పాక్కుంటూ వచ్చి ఎడమచెయ్యి కలం మీద వేసింది. అందరం నవ్వుతూనే ఆ చెయ్యి వెనక్కి లాగి, కుడిచెయ్యి తెచ్చి కలం మీద పెట్టాం. ఫోటో ఆ తర్వాతే తీశారు.

మావారికి ఆటోనగర్లో స్పేర్ పార్టుల షాపు. పొద్దున్నే బోణీ బేరానికి వచ్చిన మనిషి ఎడమచేత్తో డబ్బులిస్తే పుచ్చుకోరు, చెయ్యి మార్చేదాకా ఊరికే నిలబడతారు. ఇంటికొచ్చాక మనవరాలితోనూ అదే వరస. జేబులోంచి చాక్లెట్ తీసి "మంచి చెయ్యేదమ్మా?" అనేవారు. కుడిచెయ్యి చాపితేనే ఇచ్చేవారు. "మొక్కై వంగనిది మానై వంగుతుందా" అని నాకు పాఠం కూడా చెప్పేవారు. నాకూ సబబుగానే తోచింది. మా పుట్టిల్లు కూచిపూడి పక్క ఊరు. మా ఇళ్ళల్లో ఎడమచేత్తో ఒకరికి తమలపాకు కూడా ఇవ్వం.

ఒకరోజు మధ్యాహ్నం ముసురు పట్టింది. పిల్ల నిద్రపోతోంది కదా అని బాల్కనీలో తడి బట్టలు తీసి మడతపెట్టుకుంటున్నాను. లోపల్నించి సన్నగా కూనిరాగం వినబడింది. కర్టెన్ పక్కనుంచి తొంగిచూశాను. పిల్ల నాకు వీపు పెట్టి నేల మీద కూర్చుని ఉంది. ఎదురుగా మేడ. పిల్ల గడ్డం దాకా లేచింది. ఎడమచేత్తో బ్లాకు తీయడం, పెట్టడం, తీయడం, పెట్టడం. వణుకు లేదు, తడబాటు లేదు. ఏదో పాడుకుంటూ కట్టేస్తోంది. ఆ చెయ్యి అంత నెమ్మదిగా కదలడం నేనెప్పుడూ చూడలేదు.

సంతోషం పట్టలేక ఒక్కడుగు ముందుకు వేశాను. నా గాజులు చప్పుడు చేశాయి. పిల్ల ఉలిక్కిపడి వెనక్కి చూసింది. ఎడమచెయ్యి గబుక్కున తొడ కింద దాచేసుకుంది. పక్కనున్న బ్లాకు కుడిచేత్తో తీసి పైన పెట్టబోయింది. మేడంతా కూలిపోయింది. ఎప్పటిలాగే కెవ్వుమంది. కానీ ఈసారి బ్లాకుల జోలికి పోలేదు. తొడ కింద నుంచి ఎడమచెయ్యి బయటికి లాగి, కుడిచేత్తో దాన్ని టపాటపా కొట్టింది.

అక్కడే చతికిలబడి పిల్లని వాటేసుకున్నాను. నేను ఏడుస్తుంటే అది ఏడుపాపి నా వంక చూసింది.

ఆ సాయంత్రం ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పాను. "ఇకమీదట ఈ ఇంట్లో మంచి చెయ్యి అన్న మాట వినబడిందా, నేను మనిషిని కాను" అన్నాను.

"అలాగే వదిలేస్తే రేపు పెళ్ళి పీటల మీద ఎడమచేత్తో జీలకర్ర బెల్లం పెడుతుందిటే?" అన్నారు మావారు.

"ముందు పిల్లని ఆడుకోనివ్వండి. పీటల సంగతి ఆనక చూద్దాం."

నా కూతురు తలవంచుకుని, "నేనూ రోజూ అంటూనే ఉన్నాను కదమ్మా" అంది. మర్నాటి నుంచి ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. బయట ఎవరిని ఆపగలం? గుళ్ళో తీర్థమిస్తూ పూజారి గారు "కుడిచెయ్యమ్మా" అనేవారు. కిరాణా కొట్టాయన బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తీసుకుని "ఆ చేత్తో కాదు పాపా" అనేవాడు. ఆయనతో దెబ్బలాడాను కూడా. "మంచి చెబితే తప్పాండీ?" అని తెల్లబోయాడు పాపం. ఊరందరి నోళ్ళూ కుట్టగలనా?

అయినా ఇల్లు ఇల్లే కదా అనుకున్నాను. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, కావాలని ఎడమచేత్తో మేడ కట్టాను. నాకు కుదరక రెండోదానికే కూలింది. నవ్వాను. అది నవ్వలేదు.

"నీకైతే ఈ చేత్తో బాగా వచ్చు. కట్టు తల్లీ, ఎవరూ ఏమనరు" అన్నాను.

పిల్ల తలుపు వంక చూసింది. చెయ్యి వీపు వెనక పెట్టుకుంది.

"ఇది చెడ్డది అమ్మమ్మా."

"ఎవరన్నారు అలాగని?"

"ఎవరూ అనలేదు" అంది.

నిజమే. ఒక్కరం కూడా అనలేదు. దానంతట అదే తెలుసుకుంది. తర్వాత బ్లాకులన్నీ నా వైపు తోసేసి, "నువ్వు కట్టు. నేను చూస్తా" అంది.

కట్టాను. ఇంకేం చేయను. అది బాసింపట్టు వేసుకుని చూసింది. మేడ కూలినా ఏడవలేదు. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. బుట్ట తెచ్చి నా ముందు పెట్టడం, చూస్తూ కూర్చోవడం. ఏడుపు లేదు, విసరడం లేదు. ఎంత బతిమాలినా బ్లాకు ముట్టుకోదు. నా కూతురికి చెప్పబోయాను. "నువ్వు ఆ మాట ఆపించడం పనిచేసిందమ్మా, పేచీ పూర్తిగా మానేసింది చూడు" అంది. ఎన్నాళ్ళకో నా కూతురి ముఖంలో వెలుగు చూశాను. నా నోటికొచ్చిన మాట మింగేశాను.

పిల్లని మళ్ళీ స్కూలుకి పంపాం. వారం తిరక్కుండానే టీచరు గారు మా ఇద్దరినీ ఆపి మరీ చెప్పారు. "చాలా మారిందండీ. ఇప్పుడసలు పాప ఉన్నట్టే తెలియదు. మిగతా పిల్లలు ఆడుతుంటే బుద్ధిగా చూస్తూ కూర్చుంటుంది."

నా కూతురు థాంక్సండీ అంది, నవ్వుతూ. నేను పిల్లని ఎత్తుకుని ఆటో ఎక్కాను. దారి పొడుగునా నాకు ఒకటే అనిపించింది. ఒక్క బ్లాకు తీసి నా మొహాన కొట్టవే తల్లీ, నలుగురూ పోగయ్యేలా ఏడవవే. అది నా ఒళ్ళో కూర్చుని, రోడ్డు మీద పోయేవాళ్ళని చూస్తోంది.