నరసింగరావుగారి కారూ, వెనక సీట్లో ఇసక బస్తా

నరసింగరావుగారికి భయం. దేనికని అడక్కండి. దేనికి భయపడరో చెప్పడం తేలిక, కానీ అదేమిటో శ్రీకూర్మంలో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. కరెంటాఫీసులో గుమస్తాగా పనిచేసి రిటైరయిన మనిషి, ఇంట్లో స్విచ్చి మాత్రం చెక్క గరిటెతో వేస్తారు. ఉరిమితే భయం. ఉరమాల్సిన రోజుల్లో ఉరమకపోతే, పైన ఏదో గట్టిగానే తయారవుతోందని ఇంకా భయం. అలాంటి మనిషి కారు కొన్నారు.

సరదాకి కొనలేదు. భార్య ఈశ్వరమ్మగారికి మోకాళ్ల నొప్పులు, బస్సు మెట్లు ఎక్కలేకపోతున్నారు. కొత్త కారుకి అందరూ నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెడతారు. ఆయన డిక్కీలో ఉన్న స్టెప్నీ కింద కూడా ఒకటి పెట్టారు. తీరా కారు కదిలే వేళకి, నిమ్మకాయ మీద చక్రం జారితే ఎలా అని అయిదూ తీసేశారు. పూజారి ఆ అయిదూ సంచీలో వేసుకుని వెళ్లిపోయాడు.

ఆయన ఎంత నిదానంగా నడిపేవారంటే, శ్రీకూర్మం గుళ్లోని తాబేళ్లకి ఆ కారుని చూస్తే కాస్త ధైర్యం వచ్చేది. కొబ్బరిచెట్టు కింద కారు ఆపరు, కాయ పడుతుంది. చెట్టు లేనిచోట ఆపరు, ఎండకి రంగు వెలుస్తుంది. ఇవన్నీ మామూలు భయాలు. అసలు భయం శ్రావణి పెట్టింది.

శ్రావణి శ్రీకాకుళంలో బీమా ఏజెంటు. మంచి పిల్ల. తాను సోమవారాలు మాత్రమే కారు తీస్తాను కనక సోమవారాలకు మాత్రమే బీమా ఇమ్మని నరసింగరావుగారు అడిగితే, నవ్వకుండా జవాబు చెప్పిన మనిషి. అలా కుదరదు సార్, ప్రీమియం తగ్గించుకోవడానికి ఇంకో దారి ఉంది అంది. క్లెయిమ్ అడక్కుండా ఏడాది గడిపితే సొంత బండి నష్టానికి కట్టేదాంట్లో రాయితీ వస్తుంది, అది ఏటేటా పెరుగుతుంది, అలా అయిదేళ్లు గడిపితే సగానికి సగం తగ్గుతుంది. ఒక్కసారి క్లెయిమ్ అడిగితే మాత్రం మళ్లీ మొదటికి రావాలి. పాపం, ఆ చివరి ముక్క చెప్పకుండా ఉండాల్సింది. ఆయన చెవిలో అదొక్కటే పడింది.

నాలుగేళ్లు ఎలా గడిచాయో ఈశ్వరమ్మగారికే తెలుసు. అయిదో ఏడు వచ్చేసరికి ఆయనకి కాకి కూడా శత్రువైపోయింది. ఇక లాభం లేదని, లోకంలో ఏ బండీ కదలని చోటు ఒకటి వెతికి, కారుని తీసుకెళ్లి కూర్మయ్య షెడ్డులో పెట్టారు.

కూర్మయ్య షెడ్డు ఊరి చివర, శ్రీకాకుళం రోడ్డు మీద ఉంది. చేయి తిరిగిన మెకానిక్కు. ఒకరి సొమ్ము ఊరికే ముట్టుకోడు. ఎవరైనా ఒక టీ ఇప్పిస్తే సాయంత్రంలోగా రెండు తాగించి గాని నిద్రపోడు. అతనికీ ఒక భయం ఉంది. బాగుచెయ్యమని ఇచ్చి, మళ్లీ మొహం చూపించని బళ్లంటే భయం. షెడ్డు వెనక అలాంటివి ఒక వరస ఉన్నాయి. ఒక వ్యాను నిండా బీరపాదు అల్లుకుంది. ఒక జీపులో కోడి గుడ్లు పెడుతోంది. ఎప్పుడో ఒకసారి, ఎవరూ రాని బండే కదా అని ఒకదాన్ని పాత ఇనుము వాళ్లకి ఇచ్చేస్తే, ఆ మర్నాడే దాని యజమాని కానిస్టేబుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పటినుంచి, వదిలేసిన బండిని చూస్తే కూర్మయ్యకి చలిజ్వరం వచ్చినట్టుంటుంది.

నరసింగరావుగారు ఏదో చప్పుడు వస్తోందని కారు ఇచ్చి వెళ్లారు. కూర్మయ్య ఎంత వెతికినా చప్పుడు దొరకలేదు. ఫోన్ చేస్తే ఇంకోపాలి సూడమన్నారు. ఇంకోసారి చేస్తే, తొందరపడొద్దన్నారు. వారాలు గడిచాయి, కారు మీద దుమ్ము పేరుకుంది. ఒకరోజు జీపులో కోడి దిగివచ్చి కారు చుట్టూ తిరిగి చూసింది. కూర్మయ్యకి గుండె జారింది.

పక్కనే పంక్చర్లు వేసే నవీన్ సలహా ఇచ్చాడు. ఇలాంటి బళ్లకి ముందు రిజిస్టర్ పోస్టులో నోటీసు ఇవ్వాలి, ఒక కాపీ పోలీస్ స్టేషన్లో పడెయ్యాలి, ఆ తరువాత ఏం చేసినా మన మీదకి రాదు అన్నాడు. కూర్మయ్య వణుకుతూనే అతనిచేత రాయించి పంపాడు.

ఉత్తరం అందిన రోజునే నరసింగరావుగారు చెమటలు కక్కుకుంటూ షెడ్డుకి వచ్చారు. కవరు విప్పలేదు, రెండు వేళ్లతో దూరంగా పట్టుకున్నారు.

"కూర్మయ్యా, కోర్టు కాయితం వచ్చినాది. నువ్వే సించి సదువు. నాకు సేతులు ఆడ్డం లేదు."

తన నోటీసు తనే చదవాల్సి వచ్చింది కూర్మయ్యకి. తమరి వాహనమును వెంటనే తీసుకొని పోని యెడల చట్టప్రకారము చర్య తీసుకొనబడును, అని చదివి కాయితం మడిచేశాడు.

"ఎవడ్రా ఆ దుర్మార్గుడు?" అన్నారు నరసింగరావుగారు.

"నానే బాబూ."

"నువ్వా? నువ్వైతే పర్లేదు," అని ఆయన ఊపిరి పీల్చుకుని, అక్కడున్న పాత టైరు మీద కూర్చున్నారు. కారు తీసుకెళ్లే ఉద్దేశం తనకి లేదనీ, ఈ ఏడు గడిచేదాకా ఇంతకంటే క్షేమమైన చోటు జిల్లాలో లేదనీ చెప్పేశారు. అద్దె ఇస్తానంటే కూర్మయ్య వినలేదు.

వాళ్లు మాట్లాడుతుండగానే కూర్మయ్య భార్య గౌరి షెడ్డు ముందు ఆటో ఎక్కింది. నెల నెలా శ్రీకాకుళం ఆసుపత్రికి వెళ్లేది, ఇప్పుడు ప్రతి బుధవారం రమ్మన్నారు. అంతకు ముందు రెండు కడుపులు నిలవలేదు. ఈసారి కుదుపులు తగలకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఆ రోడ్డు చూస్తే, కుదుపుల మధ్య అక్కడక్కడ రోడ్డు ఉంటుంది. ఆటో మొదటి గోతిలో దిగి లేచింది. కూర్మయ్య మొహం తిప్పుకున్నాడు. అతనికి నిజంగా భయం అంటే ఏమిటో బుధవారాలే నేర్పాయి.

మర్నాడు నరసింగరావుగారు కొత్త భయంతో వచ్చారు. నిలబెట్టిన కారుకి బ్యాటరీ చచ్చిపోతుందట. అందుకని వారానికొకసారి శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దాకా తోలి తీసుకురావాలట. అది కూడా బుధవారమే, మిగతా రోజుల్లో రాహుకాలాలు ఆయనకి నచ్చలేదు. గోతిలో పడితే కింద ఇనుము విరుగుతుంది కనక ఒక్క గోతిలో కూడా దించకూడదు. ఏసీ వెయ్యకపోతే గ్యాసు గడ్డకడుతుంది. వెనక సీటు ఖాళీగా ఉంటే స్ప్రింగులు బిగుసుకుపోతాయి కనక, మనిషి బరువున్న ఇసక బస్తా ఒకటి వేసుకోవాలి.

ఇందులో ఒక్కటీ నిజం కాదని కూర్మయ్యకి తెలుసు. కానీ భయపడేవాడితో వాదించి గెలిచినవాడు లేడు. సరే బాబూ అన్నాడు. బుధవారం అన్న మాట మాత్రం, దేవుడే పలికించినట్టు అనిపించింది. ఇసక బస్తా బదులు గౌరిని కూర్చోబెట్టాడు.

ఒకరి సొమ్ము ముట్టని మనిషికి ఇది ఎంత కష్టమో ఆలోచించండి. పరాయి కారులో సొంత పెళ్లాన్ని దొంగసరుకులా మోస్తున్నాననుకునేవాడు. దారిలో తెలిసిన మొహం కనబడితే ఒళ్లు చల్లబడేది. ఒకసారి అరసవిల్లి దగ్గర నరసింగరావుగారే ఎదురయ్యారు. "ఒసే, వంగు," అన్నాడు కూర్మయ్య. గౌరి పైటకొంగు నెత్తిన కప్పుకుని, అచ్చం బస్తాలాగే కదలకుండా ఒరిగింది. ఆయన చెయ్యి ఊపారు. ఇతను చెయ్యి ఊపాడు.

తొమ్మిదో నెల వచ్చింది. ఆ బుధవారం డాక్టరమ్మ బిడ్డ బాగుందని చెప్పింది. తిరుగుదారిలో గౌరి జడలో మల్లెపూలు పెట్టుకుని, పాట కూడా పాడుతోంది. వాన నీళ్లు నిలిచి గోతులు కనపడ్డం లేదు. కల్వర్టు దగ్గర, ఉన్నట్టుండి చక్రం ముందు పెద్ద గొయ్యి కనబడింది. కూర్మయ్య స్టీరింగు తిప్పేశాడు. గోతిలో దిగలేదు. కారు ఎడమ పక్క మాత్రం కల్వర్టు గోడని ఈ చివరినుంచి ఆ చివరిదాకా పలకరించింది.

"ఏటైనాది మావా?" అంది గౌరి.

"నా బతుకైనాది," అన్నాడు కూర్మయ్య.

రెండు తలుపులూ సొట్టపోయాయి, గీత వేలు దూరేంత లోతుంది. ఇప్పుడు క్లెయిమ్ అడిగితే ఆయన అయిదేళ్ల తపస్సు నీళ్లపాలు. అడక్కపోతే ఆయన గుండె ఆగినా ఆగుతుంది. అంతకంటే పెద్ద భయం, వెనక సీట్లో ఏముందని అడిగితే ఏం చెప్పాలన్నది. నవీన్ పట్టా కప్పమన్నాడు. కూర్మయ్య దెబ్బ తగిలిన పక్కని గోడకి ఆనించి కారు పెట్టాడు. చూస్తుండగానే, బ్యాటరీని పరామర్శించడానికి నరసింగరావుగారు వచ్చేశారు.

ఆయన కారు చుట్టూ తిరగబోయి ఆగారు. గోడకీ కారుకీ మధ్య పొట్ట లోపలికి పీల్చుకుని, అడ్డంగా నడిచి వెళ్లారు. చొక్కాకి సున్నం పూసుకుని ఆయన బయటికి వచ్చారు. మొహం కూడా సున్నంలాగే ఉంది.

"కల్వర్టా?"

"అవును బాబూ. గొయ్యి తప్పించబోయినాను."

"గోతిలో పడిపోనాదా?"

"పడనియ్యలేదు బాబూ."

"ఇసక బస్తాకి దెబ్బేటైనా తగిల్నాదా?"

"బస్తాకి దెబ్బేటి బాబూ," అన్నాడు కూర్మయ్య.

"ఒరే కూర్మయ్యా, ఇసక బస్తా మల్లిపూలు పెట్టుకోదురా. వారం వారం సీటు మీద పూలు ఏరతన్నది నానే. గౌరి ఎలాగున్నాది? కడుపులో బిడ్డ బాగున్నాదా?"

కూర్మయ్య చేతులు జోడించాడు. ఇద్దరూ బాగున్నారని చెప్పాడు. అది విన్నాకే నరసింగరావుగారు టైరు మీద కూలబడి, గీత కేసి మళ్లీ చూసి, మంచినీళ్లు అడిగారు. ఆటో గోతిలో దిగిన రోజున ఆయన కళ్లు మూసుకున్నారట. కారు తీసుకెళ్లరా అంటే కూర్మయ్య పుచ్చుకోడని ఊరంతా ఎరిగిందే. అందుకని బ్యాటరీకి రోగం తెప్పించారు.

"అయితే ఆ భయాలన్నీ ఉత్తివా బాబూ?" అన్నాడు కూర్మయ్య.

నరసింగరావుగారికి కోపం వచ్చింది. "ఉత్తివేట్రా? ఏసీ గ్యాసు గడ్డకట్టదేటి?"

కడుతుంది బాబూ అన్నాడు కూర్మయ్య. మెకానిక్కుగా అతను ఆడిన ఒకే ఒక్క అబద్ధం అది.

క్లెయిమ్ మాట ఎత్తలేదు. సొట్టలు తీసి రంగు వేస్తాను, ఇది మాత్రం ఊరికే పుచ్చుకోండి అన్నాడు కూర్మయ్య. ఎలా పుచ్చుకోవాలో నీకు చూపిస్తాను చూడు, అన్నట్టు ఆయన వెంటనే ఒప్పుకున్నారు. రంగు ఆరేసరికి గౌరికి శ్రీకాకుళంలో ఆడపిల్ల పుట్టింది.

తల్లీ పిల్లా ఆ కారులోనే ఇంటికి వచ్చారు. కల్వర్టు దగ్గరికి రాగానే నరసింగరావుగారు కారు ఆపించి దిగారు. పంచె ఎగగట్టి, కర్రతో ప్రతి నీటిమడుగునీ పొడిచి లోతు చూస్తూ ముందు నడిచారు. వెనక కారు, కారు వెనక రెండు బస్సులు. బస్సులో జనం తిడుతూనే ఉన్నారు. ఆయన భయపడకుండా చేసిన పని, మా ఎరికలో అదొక్కటే.

పిల్లకి నెల నిండకుండానే బీమా ఏడు గడిచింది, సగం రాయితీ వచ్చిందని శ్రావణి ఫోన్ చేసి చెప్పింది. ఇక కారు ఇంటికి తీసుకెళ్లండి బాబూ అన్నాడు కూర్మయ్య. నరసింగరావుగారి మొహం మళ్లీ వాడిపోయింది. బ్యాటరీకి జబ్బు పూర్తిగా నయం కాలేదట. పిల్లకి టీకాలు వేయించే రోజులు ఎప్పుడెప్పుడని గౌరిని అడిగి, సరిగ్గా ఆ రోజుల్లోనే తోలకపోతే చచ్చిపోతుందన్నారు.

"వెనక సీట్లో ఇసక బస్తా ఉండాలా బాబూ?" అని గౌరి నవ్వాపుకుని అడిగింది.

ఆయన ఒళ్లో ఉన్న పిల్లని, పడిపోతుందేమోనని రెండు చేతులతో బిగించి పట్టుకుని ఆలోచించారు.

"ఈపాలి పెద్ద బస్తా ఒక్కటే సాలదు," అన్నారు. "మూడు కేజీల బస్తా కూడా ఒకటి ఎయ్యండి."