నిజ్వా కోట చూసిన రోజు

తొంభైల్లో నేను గల్ఫ్‌లో, ఇబ్రి సైట్‌లో పనిచేసేటప్పుడు, మా జిల్లావాడే అయిన ఫోర్‌మన్ ఒక డ్యూటీ రోజున సెలవిప్పించి, మమ్మల్ని ఏసీ బస్సులో నిజ్వా కోట చూడటానికి పంపాడు. మా కంపెనీదే ఇంకో లేబర్ క్యాంపులో ఉండే పెద్దాయన నా పక్క సీట్లో కర్టెన్ మూసుకుని కూర్చున్నాడు.

“కోటొచ్చింది, దిగవా కాకా?” అన్నాను.

“నిరుడు గూడ సూపిచ్చిన్రు బిడ్డా. క్యాంపుకు సర్కారు ఆఫీసర్లు వచ్చే దినం మనల్ని గిట్ల తిప్పుతరు. మీ ఫోర్‌మన్‌కు గూడ ఎరుకనే.”

ట్యాంకు నీళ్లలో పురుగులొస్తున్నాయని ఆ ఆఫీసర్లకే చెప్పాలని నెలలుగా కాచుకుని ఉన్నాం. లేవబోయినవాణ్ణి మళ్లీ సీట్లో కూర్చున్నాను. ఆయన నారింజపండు ఒలిచి సగం నా చేతిలో పెట్టాడు.

“పో, సూసిరా. కోట ఏం తప్పు చేసింది?”

సాయంత్రం క్యాంపు గేటు దగ్గర ఫోర్‌మన్ నవ్వుతూ, “ఎట్లుందిరా కోట?” అని అడిగాడు.

“మంచిగుంది సార్” అన్నాను. అప్పటిదాకా ఆయన్ని అన్నా అనే పిలిచేవాణ్ణి.