చిన్నాయన కారవాన్‌లో ఛార్జర్ ప్లగ్గు

మా చిన్నాయన పాత వ్యాన్‌ను పటాన్‌చెరు షెడ్డులో కారవాన్‌గా మార్పించాడు. ఈ రోజే తొలి కిరాయి. సాయంత్రం వెలిమెల నుంచి ఒక కుటుంబం వచ్చి తీసుకెళ్లాలి. మధ్యాహ్నం చూస్తే ఛార్జర్ లైటు వెలుగుతూనే ఉంది, లోపలి లైట్లు, ఫ్యాన్లకు పెట్టిన బ్యాటరీ మాత్రం దిగిపోతోంది.

"కొత్తదని ఖరాబ్ బ్యాటరీ అంటగట్టినవేందన్నా!" అని చిన్నాయన బ్యాటరీ అమ్మిన దుకాణాయన మీద ఫోన్‌లో అరుస్తున్నాడు.

వెనక సీట్లో కూర్చుని, చదవడానికి వేరే ఏమీ లేక, నేను ఇన్వర్టర్‌తో వచ్చిన పుస్తకం చదువుతున్నాను. అనుమానం వచ్చి లేచి చూశాను. ఛార్జర్ ప్లగ్గు ఇన్వర్టర్ సాకెట్‌లోనే ఉంది. అంటే బ్యాటరీ తన కరెంటుతో తననే నింపుకోవాలని చూస్తోంది, ఆ తిరుగుడులో ఉన్నదీ పోగొట్టుకుంటోంది.

"చిన్నాయనా, ఆ ప్లగ్గు షెడ్డు గోడ సాకెట్‌కు పెట్టాలె," అన్నాను. రెండోసారి అంటే గానీ వినపడలేదు.

"ఇంట్ల ఇన్వర్టర్ దానంతటదే ఛార్జ్ అయితది గద?"

"దానికి గోడ నుంచి కరెంటొస్తది. దీనికి మనం ఇయ్యాలె."

ప్లగ్గు మార్చాడు. కాసేపటికి బ్యాటరీ మీటరులో అంకె పెరగడం మొదలైంది. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది.

"ఏం లేదన్నా, ఊకెనే చేసిన. అంత మంచిదేనా?" అని పెట్టేశాడు. తర్వాత నా వైపు తిరిగి, "గంత మెల్లగ చెప్తే ఎట్ల బిడ్డా!" అన్నాడు.

సాయంత్రం వాళ్లు రాగానే "ఛార్జర్ సంగతి మా బిడ్డ చెప్తది" అని పక్కకు జరిగాడు. ఈసారి అందరికీ వినపడేలా చెప్పాను.

మీ ఇళ్లలో ఇలాంటి పుస్తకాలు ఎవరైనా చదువుతారా, లేక ముందు ఫోన్ చేసి అరుస్తారా?