లాల్ అహ్మద్ బాబాయ్ బిందెడు నీళ్ళు

మా ఊరి లాల్ అహ్మద్ బాబాయ్‌కి ఒకటే జబ్బు. ఖాళీ నేల కనిపిస్తే బిందెడు నీళ్ళు పోస్తాడు. పోసి, అవి ఎటు పోతాయో గొంతుక్కూర్చుని చూస్తాడు.

మిరపకాయలు ఆరబోసే కల్లంలో ఈ పని ఎవరైనా చేస్తారు. నీళ్ళు నిలిచే చోట కాయ రంగుపోయి తాలైపోతుంది. బాబాయ్ మాత్రం దర్శి బస్టాండులో పోశాడు. కూతురికి సంబంధం చూడ్డానికెళ్ళి కాబోయే వియ్యంకుడి వరండాలో పోశాడు.

"ఏమైంది లాలన్నా?" అన్నాడాయన.

"ఏం లేదు. మీ వాన మీ వంటింట్లోకే వచ్చుద్ది."

సంబంధం తప్పిందనుకున్నాం. కుదిరింది. పెళ్ళికి ముందే వియ్యంకుడు గడప ఎత్తించాడు.

కాలేజీ మూడో ఏడు మానేసి నేనో సహాయ సంస్థలో ఫారాలు నింపే పనికి కుదిరాను. తుఫానుకి వాగు పొంగితే పల్లంలో ఉన్న కాలనీవాళ్ళు తలదాచుకోవడానికి మా ఊళ్ళో భవనం కడతామన్నారు. వాగు పక్కన పోరంబోకు చూడ్డానికి ఇంజనీరు నాగేంద్రబాబు గారు వచ్చారు. వెనకే బాబాయ్, బిందెతో.

"ఎవరండీ ఈయన?"

"కాస్త పక్కకి జరగండి సార్, పోస్తాడు" అన్నాను.

పోశాడు. నీళ్ళు ఎటూ పోలేదు. సారు బూట్ల చుట్టూ నిలబడ్డాయి.

"జనం ఇక్కడికి రావాలా సార్? వాళ్ళకంటే ముందు వాగే వచ్చుద్ది."

నాగేంద్రబాబు గారు నవ్వలేదు. "నాకూ తెలుసండీ. ఊళ్ళో వేరే జాగా లేదంటున్నారు. శుక్రవారంలోగా చూపించకపోతే భవనం ఇంకో ఊరికి పోతుంది."

కాలనీలో నలభై ఇళ్ళు. పోయినేడు సైదాబీ అవ్వని మంచంతో సహా మెడలోతు నీళ్ళలో మోసుకొచ్చాం.

బాబాయ్ ఖాళీ బిందె చంకన పెట్టుకున్నాడు. "పొదిలి రోడ్డు మీద నా మెరక ఉంది. మూడేళ్ళుగా పోసి చూస్తున్నా, చుక్క నిలవదు. అది రాసుకోండి."

ఆ మెరక మౌలాబీ పిన్నికి ఇల్లు కట్టిస్తానని ఉంచింది. సారు వచ్చారని చూడ్డానికొచ్చిన జనంలో పిన్నీ ఉంది.

"మరి నా ఇల్లు?"

"పెద్ద వంటిల్లు కావాలన్నావుగా. రెండొందల మందికి వండేది వస్తంది."

"రెండొందల మందికీ నేనే వండాలా?"

"నువ్వు వండుతున్నావంటే వాగు రాకముందే అందరూ వచ్చేస్తారు."

పిన్ని ఆయన్ని ఎగాదిగా చూసి నావైపు తిరిగింది. "ఏరా బాలూ, రాసుకో. పొయ్యి తూర్పు గోడకి. పొగగొట్టం ఉండాల్సిందే. గట్టు నా నడుం ఎత్తుకి."

"నడుం ఎత్తంటే ఎంత పిన్నీ?"

నాగేంద్రబాబు గారు జేబులోంచి టేపు తీసి, బాబాయ్ చేతిలో పెట్టి, అటు తిరిగి నిలబడ్డారు.