కాకటూ నేర్చిన మాట

షాద్‌నగర్ బస్సులో నా పక్కన కూర్చున్నామె చేతిలో పొడవాటి తెల్ల ఈక ఉంది. ఏం పక్షిదని అడిగాను.

"కాకటూది, అక్కా, చిలక లెక్కుంటది. మా గొర్లు మేసే జాగ గుంజుకొని సేటు ఫారంహౌస్ కట్టిండు. ఆడ పక్షులకు గింజలేసే పనికి నన్నే పెట్టిండు. బూడిదరంగు చిన్నది గూడ గా జాతిదేనంట, గని ఈలే వేస్తది. పసుపు తురాయి ఉన్న పెద్దది మాటలు నేరుస్తది."

"ఏం నేర్పినవ్?"

"గింజలేసినప్పుడల్లా 'ఇది మల్లయ్య జాగ' అన్న. మల్లయ్య మా బాపు. ఇప్పుడు సేటు చుట్టాల ముందల గదే అరుస్తాంది. నన్ను ఎళ్లగొట్టిండు."

"సేటు ఆ పక్షిని అమ్మేస్తే?"

"ఆయన బిడ్డ అమ్మనియ్యది, పానంగ చూసుకుంటది. అరవై ఏండ్లు బతుకుతదంట. ఇనుకుంటనే సావాలె వాడు!"

నవ్వుకుంటూ దిగిపోయింది. ఇప్పటికీ ఆ దారిలో ఫారంహౌస్‌ల దగ్గర బస్సు నెమ్మదిస్తే కిటికీ తెరిచి వింటాను.