వీపు నేలకు తగిలిన తర్వాత

మా మామ పోయాడు. పోయిన శుక్రవారం పొద్దున తిరుత్తణి బస్సు కండక్టరు, మా పాత వీధివాడే, తిరువళ్ళూరు స్టాండులో బండి నిలిపి మా ఇంటిదాకా నడిచొచ్చాడు. "అక్కా, వస్తాదు మామ పోయినాడు. అన్నను పిలుచుకొని ఇదే బస్సుకు రా, నిలిపి ఉండాను" అన్నాడు. మా ఆయన తండ్రి కాబట్టి నాకు మామ. తిరుత్తణి నేతగాళ్ళ వీధికంతా వస్తాదు. దగ్గు చాలాకాలంగా ఉంది, అందుకని విన్నప్పుడు ఏడుపు వచ్చిందే కానీ ఆశ్చర్యం కలగలేదు. కోపం మాత్రం తిరుత్తణి చేరాకే వచ్చింది. అది ఇంకా దిగలేదు. దిగలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

మామను వాకిట్లో నేల మీద పడుకోబెట్టి ఉన్నారు. కుస్తీ నేర్పే తాలింఖానాకు పెద్దగా ఉండే జవుళి షావుకారు రోజా మాల తెచ్చి వేశాడు. వేసి, చుట్టూ ఉన్నవాళ్ళకు వినబడేట్టు, "ఇన్నేండ్లకు ఇప్పుడే అప్పా, మా వస్తాదు వీపు నేలకు తగిలినాది" అని కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ తలలూపారు. మధ్యాహ్నానికి గోడల మీద నల్ల అంచు పోస్టర్లు కూడా వచ్చాయి. అరవంలో అచ్చు. మట్టి కరవని మల్లుడికి కన్నీటి అంజలి అని, కింద తాలింఖానా పెద్దల పేర్లు. శవం దగ్గర నోరు పారేసుకోకూడదని పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను.

అది అబద్ధం. వాళ్ళందరికీ తెలిసిన అబద్ధం. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు కల్పించి చెప్పడం మామూలే, దానికి నేనేమీ అనను. కానీ ఈ మాట పొగడ్త కాదు. మామ తన బతుకులో తెగించి చేసిన ఒకే ఒక్క పనిని నున్నగా తుడిచేసే మాట. ఆ పని ఏమిటో చెప్పకుండా ఊరుకుంటే నాకు అన్నం సహించదు.

ఆయన పగలంతా మగ్గం నేసేవాడు. పొద్దున, సాయంత్రం తాలింఖానాలో కుర్రాళ్ళకు కుస్తీ నేర్పేవాడు. గోదాలో మట్టిని తనే తవ్వి, జల్లించి, నువ్వుల నూనె, మజ్జిగ, పసుపు పోసి కలిపేవాడు. ఆ చేతులతోనే ఇంటికొచ్చి తుండుగుడ్డను చీర మడత పెట్టినంత నాజూగ్గా మడిచి దండెం మీద వేసేవాడు. నన్ను ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు. మా ఇంట్లో పదకొండో తరగతి దాటిన మొదటి ఆడదాన్ని నేను. అందుకని "ఎస్సెల్సీ" అనేవాడు. "ఎస్సెల్సీ, సద్ది పొయ్యి" అంటే ఇంటికొచ్చిన చుట్టాలు బిత్తరపోయేవాళ్ళు. నేను విసుక్కుంటే, "మగ్గం కాడ కోపం వద్దమ్మా, పోగు తెగుతాది" అనేవాడు. అయ్యో మామా, ఇప్పుడు నా పోగులన్నీ తెగే ఉన్నాయి.

కుస్తీ తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. అందులో వీపు నేలకు తగిలితే ఓడినట్టే. తగిలిన క్షణాన ఆట అయిపోతుంది, డప్పు మోగుతుంది, గెలిచినవాణ్ణి భుజాల మీద ఎక్కించుకుంటారు. కిందపడ్డవాణ్ణి ఎవరూ చూడరు. మా ఊళ్ళో ఈ లెక్క గోదా దాటి వీధిలోకి కూడా వచ్చేసిందని మాకు ఎనభైల మొదట్లో తెలిసింది.

మా వీధి పిల్ల ఒకతి మిల్లు పని ముగించుకుని రైలు దిగి వస్తుంటే, స్టేషను దారిలో ఒకడు కింద పడదోశాడు. ఆ పిల్ల కేకలు పెట్టింది, జనం వచ్చారు, వాడు పారిపోయాడు. జరిగింది అంతే. కానీ ఆమె వీధిలోకి వచ్చేసరికి రవికె వెనకంతా మట్టి. ఆ మట్టిని చూసి పెద్దమనుషులు తీర్పు చెప్పేశారు. ఎవరో కాదు, ఈ తాలింఖానా పెద్దలే. కుదిరిన పెళ్ళి తప్పిపోయింది. నెల తిరక్కుండా ఎలవూరు పక్కన ఒక రెండో పెళ్ళివాడికి కట్టబెట్టి పంపేశారు. ఆ పిల్ల తల్లి తర్వాత ఎవరింటికీ పేరంటానికి రాలేదు. మామ ఆ రోజుల్లో ఊరికే మగ్గం ముందు కూర్చుని ఉండేవాడు.

ఆ తర్వాతే తిరువళ్ళూరులో బ్రెజిల్ జుజుట్సు అనే కుస్తీకి సెమినారు జరుగుతుందని నోటీసు వచ్చింది. నేర్పేది సరుకు ఓడలో పనిచేసిన ఒకాయన. బ్రెజిల్ రేవులో ఓడ ఆగినప్పుడల్లా అక్కడివాళ్ళ దగ్గర నేర్చుకున్నాడట. అందరూ కప్పల్ మాస్టరు అనేవాళ్ళు, అరవంలో కప్పల్ అంటే ఓడ. "ఆయప్ప ఇంగ్లీషు కలిపి మాట్లాడతాడంట. నాకు యాడ అర్థమవుతాది? నువ్వు రామ్మా" అని మామ నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. కోడల్ని కుస్తీకి తీసుకుపోయే మొగోణ్ణి ఇప్పుడే చూస్తున్నానని మా అత్త గొణిగింది.

మూతపడిన రైసుమిల్లు షెడ్డులో ఎండుగడ్డి పరిచి, పైన టార్పాలిన్ బిగించారు. మొదట మామను రమ్మన్నారు, వస్తాదు కదా. మామ అలవాటుగా టార్పాలిన్‌కు దండం పెట్టి, తొడ చరిచి నిలబడ్డాడు. ఎదురుగా కప్పల్ మాస్టరు, మామలో సగం ఉంటాడు, భోజనానికి కూర్చున్నట్టు కింద కూర్చున్నాడు. మామ నా వైపు తిరిగి, "ఏందమ్మా ఇది, కూర్చున్నోడితో ఎట్లా పట్టేది?" అన్నాడు. జనం నవ్వారు. మాస్టరు రమ్మని చెయ్యూపాడు. మామ వెళ్ళి భుజాలు పట్టి ఒక్క తోపు తోశాడు. ఆయన వెల్లకిలా పడ్డాడు. మామ ఆయన మీద మోకాళ్ళపై ఉండి, గెలిచినవాడిలా రెండు చేతులూ పైకెత్తాడు. నేను చప్పట్లు కూడా కొట్టాను.

కిందున్న మనిషి కాళ్ళు అప్పుడు లేచాయి. ఒక కాలు మామ మెడ మీదికి వచ్చింది, రెండోది దాన్ని బిగించింది. మామ తలా ఒక చెయ్యీ ఆ కాళ్ళ మధ్య చిక్కుకున్నాయి. మొహం నల్లబడింది. చాలనుకుంటే చేత్తో తట్టాలని మామకు తెలియదు. మాస్టరే వదిలేశాడు. మామ దగ్గుతూ, "నువ్వు పడిపోయినావు గదా సార్" అన్నాడు. ఆయన మెల్లిగా, "అయ్యా, నాన్ ఇన్నుం ముడిక్కలియే" అన్నాడు. నేనింకా ముగించలేదే, అని.

అంతమందిలో పరువు పోయింది కదా, మామ లేచి వచ్చేస్తాడనుకున్నాను. ఆయన అక్కడే కూర్చుని, "ఇంకోసారి చెయ్యి సార్. నిదానంగా. కాళ్ళు యాడ పెట్టినావో చూడాల" అన్నాడు. సాయంత్రం దాకా మీసాలు కూడా సరిగా రాని పిల్లల పక్కన పడుకుని, అదే నేర్చుకున్నాడు. మధ్యాహ్నం నిలబడి పట్టినప్పుడు మామ మాస్టరును ఎత్తి ఎత్తి వేశాడు, ఆయన ఆ పట్లు అడిగి నేర్చుకున్నాడు. మన విద్య తక్కువని చెప్పడానికి కాదు ఇదంతా. మన విద్య మనిషిని కింద పడెయ్యడం ఎలాగో చెబుతుంది. పడ్డాక ఏం చెయ్యాలో చెప్పదు, ఎందుకంటే పడ్డవాడు దాని లెక్కలో లేడు. వాళ్ళ విద్యలో ఎవరు పైన, ఎవరు కింద అని అడగరు. ఒకరు చాలు అనేదాకా ఆట ఉంటుంది.

తిరుగు బస్సులో మామ నా వైపు తిరిగాడు. "ఎస్సెల్సీ, ఆ పిల్లకు మనం ఏం చెప్పినాము? పడితే అయిపోయినట్టే అని చెప్పినాము. నా జన్మంతా నేను నేర్పింది అదే" అన్నాడు. మళ్ళీ, "కిందుండి ఆడేదానికి కాళ్ళు చేతుల మాదిరి తిరగాల. చెయ్యి ఒకటి చేస్తావుంటే కాలు ఇంకోటి చెయ్యాల. మగ్గం తొక్కే ఆడదానికి ఆ పని పుట్టుకతో వచ్చినట్టే గదమ్మా" అన్నాడు.

మగ్గాల గదిలో నేర్పడం మొదలుపెట్టాడు. నేను, మా ఆడబిడ్డ, వీధిలో మిల్లుకు పోయే పిల్లలు కొందరు. మా మీద చెయ్యి వేసేవాడు కాదు. కొడుకును, అంటే మా ఆయన్ను, పడుకోబెట్టి ఆయన మీద చూపించేవాడు, మేం ఒకరి మీద ఒకరం చేసేవాళ్ళం. మా ఆయన మెడ ఎన్నోసార్లు పట్టేసింది, పాపం. "మీదికొచ్చినోణ్ణి తొయ్యొద్దు, దగ్గరికి లాక్కో, వాడి బరువు వాడికే శత్రువు" అని మామ గుమ్మం దగ్గర కూర్చుని అరిచేవాడు.

ఆయన అక్కడితో ఆగి ఉంటే ఊరు నవ్వి ఊరుకునేదేమో. తాలింఖానాలో కుర్రాళ్ళకు కూడా ఇది నేర్పుతాననీ, వారానికో రోజు ఆడపిల్లలకు గోదా ఇవ్వమనీ పెద్దలను అడిగాడు. కుర్చీలు వేసుకుని కూర్చున్నారు వాళ్ళు. నేను బయట కిటికీ దగ్గర నిలబడ్డాను, ఆడవాళ్ళు లోపలికి పోకూడదు కాబట్టి.

"నీకు మతి ఉండాదా వస్తాదూ?" అన్నాడు షావుకారు. "మొగోడు ఎల్లకిలా పండుకొని కాళ్ళు చాపి కొట్లాడేదా? ఆడోళ్ళు గోదాలో దిగేదా? మన మానం ఏమైపోతాది?"

"పడినోళ్ళకు ఏమీ నేర్పకపోతే అది ఏం విద్య అన్నా?" అన్నాడు మామ.

"పడితే ఓడినట్టే. తాతల కాలం నుంచి అదే. నీకు ఇష్టం లేకపోతే వేరే వస్తాదును చూసుకుంటాము."

మామ తెల్ల జుబ్బా, పంచెతోనే గోదాలో దిగి, ఆ మట్టిలో వెల్లకిలా పడుకున్నాడు. "ఓడినాను అంటారు గదా. ఎవరన్నా వచ్చి ముగించండి" అన్నాడు. ఎవరూ రాలేదు. కొత్త చెప్పులకు మట్టి అంటకుండా ఒక్కొక్కరే లేచి పోయారు. ఆ పూటతో ఆయన వస్తాదుగిరీ పోయింది.

చూశారుగా, మామ వీపు నేలకు తగిలింది. వాళ్ళ కళ్ళ ముందే తగిలింది. అది తెలిసే మాల తెచ్చారు, తెలిసే పోస్టరు వేయించారు. బతికుండగా గెంటేసిన మనిషిని చచ్చాక తమ మనిషిని చేసుకున్నారు. తూ.

ఆ పూట మామ ఇంటికొచ్చేసరికి జుబ్బా వెనకంతా నూనె పట్టిన ఎర్రమట్టి. మా అత్త ఉతుకుతానంటే ఇవ్వలేదు. మరుసటి రోజు పొద్దున అదే జుబ్బా తొడుక్కుని బజారుకు బయలుదేరాడు. కూరగాయల సంచి పట్టుకుని నేను వెనకే నడిచాను. కావాలనే నిదానంగా పోయాడు. జనం వెనక్కి తిరిగి తిరిగి చూశారు. జవుళి అంగట్లో షావుకారు గజంబద్ద వంక తల దించేశాడు.

తిరిగి వస్తూ మామ ఆ మిల్లు పిల్ల ఇంటి ముందు ఆగాడు. తల్లి గడపలో బియ్యం చెరుగుతోంది. మామ ఆమెకు వీపు చూపించి, కొండ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె చేట పక్కన పెట్టింది. వీధి చూస్తుండగానే గడప దిగి వచ్చి, ఆ మట్టి మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు తియ్యలేదు. మామ కదల్లేదు.