ముందు ఆమెకే చెప్పాలి

కరోనా తగ్గి గల్ఫ్ విమానాలు మళ్లీ మొదలైన ఏడాది. కోరుట్లలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మాకు వచ్చేవాళ్లలో మెట్‌పల్లి వైపు పల్లెల ఆడవాళ్లే ఎక్కువ. ఇంటి మగవాళ్లు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. ఆడవాళ్లు బీడీలు చుడతారు. అప్పటికి మా పాపకు ఏడాది నిండలేదు. డ్యూటీలో ఇంటి నుంచి ఫోన్ వస్తే చాలు, ఎత్తేలోపే నా చేతులు చల్లబడేవి. అందుకేనేమో లావణ్య కేసు నాకు ఇంతగా గుర్తుండిపోయింది.

ఒక ఉదయం ఆమెను మరిది ఆటోలోంచి దాదాపు ఎత్తుకుని తెచ్చాడు. వెనకే అత్త రాజవ్వ, చంకలో పాలు తాగే ఆడపిల్ల.

“గుండె ఆగిపోతున్నదక్కా, సచ్చిపోతున్న,” అంటోంది లావణ్య. ఒళ్లంతా చెమట, వేళ్లు కొంకర్లు పోయాయి. వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టాను, రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చూపే క్లిప్పు అది. బాగానే ఉంది. ఈసీజీ తీశాను. గుండె వేగంగా కొట్టుకుంటోంది తప్ప వేరే తేడా లేదు. కాసేపటికి ఆమె తనంతట తానే నెమ్మదించింది. ఆ నెలలో ఇట్లా రావడం మూడోసారి. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు అంతకుముందే చేశాం, అన్నీ బాగున్నాయి.

డాక్టరు గారు పానిక్ ఎటాక్ అన్నారు. పాము కనబడితే గుండె అదిరి, ఊపిరి ఎగపోసి, ఒళ్లు పరుగుకు సిద్ధమవుతుంది కదా. పాము లేకుండానే అంతా అట్లా కావడం అన్నమాట. కొన్ని నిమిషాల్లో బాగా ముదిరి, తర్వాత మెల్లగా దిగుతుంది. ప్రాణం తీయదు, కానీ ప్రాణం పోతున్నట్టే ఉంటుంది. మళ్లీ ఎప్పుడొస్తుందోనన్న భయంతో మనిషి ఇల్లు కదలడం మానేస్తే, అది పానిక్ డిజార్డర్.

పేషెంటుతో వచ్చినవాళ్లను మేము అటెండెంట్ అంటాం. రిపోర్టు సంగతి అటెండెంటును బయటికి పిలిచి చెప్పడం అలవాటు, పేషెంటు కంగారు పడకూడదని. ఆ రోజూ డాక్టరు మరిదిని వరండాలోకి పిలిచారు. లావణ్య అద్దం తలుపులోంచి వాళ్లనే చూస్తోంది. చూస్తూ చూస్తూ మళ్లీ రొప్పడం మొదలుపెట్టింది.

“ఏమన్నడక్కా డాక్టర్ సారు?”

“అంతా మంచిగనే ఉంది లావణ్యా.”

“అందరు గట్లనే అంటరు. మంచిగుంటే నాతోనే చెప్పొచ్చు గదా? మా మరిదినెందుకు బయటికి పిలిచిండు?”

ఇంతలో రాజవ్వ అందుకుంది. “డాక్టరేమో గుండెకేం లేదంటడు. మరి గీ నఖరాలేంది మేడం? బీడీలు బందువెట్టింది, ఇంట్ల ఒక్కతి ఉండది. నిన్న పొల్లను ఎత్తుకొనే కిందవడ్డది. ఇగ నాతోని కాదు. పొల్లను రుద్రంగిల మా పెద్దబిడ్డ ఇంట్ల ఉంచి వస్త.”

“పాలు తాగే పొల్ల అత్తా,” అంది లావణ్య.

రాజవ్వను కాసేపు బయట కూర్చోమని, స్టూలు దగ్గరకు లాక్కుని, “ఇది మొదలు ఎప్పుడొచ్చింది?” అని అడిగాను. అప్పటిదాకా ఎవరమూ అడగలేదు.

“పద్మ వాళ్లాయన సచ్చిపోయినంక,” అంది.

పద్మ వాళ్ల పక్కింటామె. భర్త సౌదీలో నిద్రలోనే పోయాడు. మా వైపు అట్లాంటి కబురు భార్యకు నేరుగా చెప్పరు. ముందు వాడకట్టుకు తెలుస్తుంది. పెద్దమనుషులు, తల్లిగారివాళ్లు వచ్చేదాకా ఆమెకు ఏమీ తెలియనివ్వరు.

“రెండు దినాలు ఎవ్వలు చెప్పలే. ఆమెకు అనుమానం రాకుంట నన్ను పక్కన కూసోమన్నరు. ఇద్దరం చాటలు ముంగటేసుకొని బీడీలు చేసినం. ‘మా ఆయన దసరకు వస్తుండు’ అని నవ్విందక్కా. నేను సుత నవ్విన.”

అప్పటినుంచి ఇద్దరు గుసగుసలాడితే తన గురించే అనిపించేది. అత్త ఫోన్ పట్టుకుని బయటికి పోతే గుండె జారేది. ఎవరైనా మెత్తగా “తిన్నవా బిడ్డా?” అని అడిగినా చాలు. మస్కట్‌లో ఉన్న భర్త గంగాధర్‌కు రోజంతా వీడియో కాల్ చేసేది. ఆయన ముఖం కనబడినంతసేపే నిమ్మళం. పనిలో ఉండి ఎత్తకపోతే మళ్లీ దడ.

మరిదిని బయటికి పిలిచి మేమూ సరిగ్గా అదే చేశాం. వెళ్లి డాక్టరుకు చెప్పాను. ఆయన తిరిగొచ్చి, అత్తనూ మరిదినీ లోపలికి పిలిచి, ఈసీజీ కాగితం లావణ్య చేతికే ఇచ్చారు.

“ఇది నీ గుండె. నువ్వే చూడు, గీతలన్నీ ఒక్క తీరుగ ఉన్నయి. గుండెకు జబ్బు లేదు. నీకున్నది భయం జబ్బు. ఉత్తది కాదు, నిజం జబ్బే. మందులున్నయి, తగ్గుతది.” తర్వాత రాజవ్వ వైపు తిరిగారు. “పొల్లను తీసుకపోతే ఇది ఇంకింత పెరుగుతది అమ్మా. కొన్ని రోజులు తోడుండండి. దడ మొదలైతే పొల్లను చాప మీద పండబెట్టి తను కింద కూసోవాలె. ఇంకొకటి, మీ ఇంటికి ఏ కబురొచ్చినా ముందు ఈమెకే చెప్పాలె.”

“సావు కబురు సుతనా? గదేం రివాజు సారూ?” అంది రాజవ్వ.

“ఔ అత్తా, నాకే,” అంది లావణ్య.

రాజవ్వ కోడలినీ, మనవరాలినీ మార్చి మార్చి చూసింది. “సరే, ఒక నెల సూస్త,” అంది.

మరునాడే జగిత్యాలలో మానసిక వైద్యుడి దగ్గరకు పంపించాం. మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పారట. ఊపిరి మెల్లగా వదలడం నేర్పారు. భర్తకు కాల్ రోజుకు ఒకటే, సాయంత్రం. మధ్యలో చేయాలనిపిస్తే ఓర్చుకోవాలి, ఆ భయం దానంతటదే దిగేదాకా. ముందు గడప దాకా, తర్వాత వీధి చివరి దాకా, తర్వాత బీడీ కార్ఖానా దాకా నడవాలి. అంతా సాఫీగా సాగలేదు. ఒకసారి బస్సులో దడ వచ్చి మధ్యలోనే దిగిపోయింది. నెల గడిచింది. రుద్రంగి మాట రాజవ్వ మళ్లీ ఎత్తలేదు.

చలికాలంలో ఒక రోజు లావణ్య పాపకు జ్వరమని ఒక్కతే బస్సులో వచ్చింది.

“అక్కా, మా ఆయన చెయ్యి మిషిన్ల పడ్డది. రెండు వేళ్లు ఇరిగినయి,” అంది. నేను భయపడ్డాను. ఆమె నవ్వుతోంది. “మా మరిది సక్కగ నా దగ్గరికే వచ్చి చెప్పిండు. పానానికేం లేదు, నువ్వే మాట్లాడు వదినా అన్నడు.”

“దడ రాలేదా?”

“ఎందుకు రాదు, వచ్చింది. పొల్లను చాప మీదేసి, కింద కూసోని, ఊపిరి ఇడుసుకుంట ఫోన్ చేసిన. ఆయనేమన్నడో ఎర్కేనా? ‘మా అమ్మకు చెప్పకు, పరేషానైతది’ అన్నడు. మీయమ్మ నా పక్కపొంటే ఉన్నది, స్పీకర్ పెట్టిన అన్న. గింత తిట్టుడు గాదు మా అత్త, కొడుకును!”

పద్మకు కూడా చెప్పేసిందట, ఆ రెండు రోజులూ తనకు అంతా తెలుసని. “గప్పుడు నవ్వినవు గదనే అన్నది. ఇద్దరం మస్తు ఏడ్సినం. గిప్పుడు మల్ల ఒక్కకాడనే కూసుంటున్నం.”

అప్పటినుంచి రిపోర్టు ముందు పేషెంటు చేతికే ఇస్తున్నాను. మనిషికి నిజం తట్టుకునే బలం ఉందా లేదా అని మనమే లెక్కగట్టి దాస్తాం. దాచినచోటల్లా భయం వచ్చి కూర్చుంటుంది.

ఈ మధ్య మా పాపకు జ్వరమొస్తే, పిల్లల డాక్టరు మా ఆయనను పక్కకు పిలవబోయారు. “నాకే చెప్పండి సార్,” అన్నాను. చెప్పారు, మామూలు వైరల్ జ్వరమే. ఆ రాత్రి పాప కంటే ముందు నేనే నిద్రపోయాను.